ఆవిడకు త్యాగమూర్తి బిరుదు వద్దు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. చాలా ఏళ్లుగా కాలిఫోర్నియాలోని మిల్పిటాస్‌లో ఉంటున్నాం. మా పక్కింటావిడ ఫిలిప్పీన్స్‌లోని పాంపాంగా ప్రావిన్స్, సాన్ ఫెర్నాండో నుంచి 1974లో నర్సుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. వాళ్ల పిల్లలు పెద్దవాళ్లను పిలిచినట్టే నేనూ ఆవిడను 'టీటా' అనేదాన్ని. మనం పిన్నీ అన్నట్టు. మా పాప పుట్టినప్పుడు మా అమ్మకు వీసా రాలేదు. ఆ రోజుల్లో టీటా రాత్రి డ్యూటీకి వెళ్లే ముందు రోజూ మా ఇంటికి అల్లం, మునగాకు వేసి కాచిన కోడి పులుసు తెచ్చి, నేను తాగేదాకా నిలబడి చూసి వెళ్లేవారు.

ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరం నిండిన రోజున ప్రార్థన చేసి, భోజనాలు పెట్టి, దుఃఖం దించుకునే ఆచారం వాళ్లకు ఉంది. బాబాంగ్ లుక్సా అంటారు. ఆ రోజు పంచడానికి పిల్లలు చిన్న పుస్తకం వేస్తున్నారు. అందులో నన్నూ నాలుగు పేజీలు రాయమన్నారు. వాళ్లు రాసుకున్న ముసాయిదా చూపించారు. 'ప్రేమమూర్తి అయిన తల్లి, అలుపెరగని సేవకురాలు, కుటుంబం కోసం సర్వస్వం త్యాగం చేసింది' అని ఉంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ నాకు టీటా ఎక్కడా కనిపించలేదు. రాత్రంతా ఆసుపత్రిలో ఉండి వచ్చి, పగలు గరాజులో కూర్చుని క్రిస్మస్‌కు పరోల్ అనే నక్షత్రపు లాంతర్లు కట్టిన మనిషి, చర్చి పిల్లల నాట్యాలకు దుస్తులన్నీ తనే కుట్టిన మనిషి, పినతూబో అగ్నిపర్వతం పేలినప్పుడు ఊరికి పెట్టెల కొద్దీ సామాను పంపిన మనిషి, కుట్టు వంకర పోతే మొహమాటం లేకుండా విప్పించి మళ్లీ కుట్టించే మనిషి, వీళ్లెవరూ అందులో లేరు.

ఇంకో చిక్కు. పెద్దమ్మాయి నాతో విడిగా ఒక మాట అంది: 'అమ్మ ఊళ్లో పిల్లలందరికీ బట్టలు కుట్టింది. నేను పిన్నుల డబ్బా పట్టుకుని కూర్చున్నాను.' ఇది రాయాలా, దాచాలా? అసలు వాళ్ల మతం కాని, వాళ్ల భాష రాని నేను రాయడం సబబేనా?

సమాధానం: మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అడిగింది ఆవిడ పిల్లలు. వాళ్లకు లేని అభ్యంతరం మీకెందుకు? మిమ్మల్ని ప్రార్థన రాయమనలేదు. మీరు చూసింది రాయమన్నారు. భాష రాదంటారా, మీరూ ఆవిడా ఇన్నేళ్లు ఏ ఇంగ్లీషులో కష్టసుఖాలు చెప్పుకున్నారో అదే ఇంగ్లీషులో రాయండి. పిల్లలకు తల్లి వండిన అన్నం గుర్తుంటుంది గానీ, ఆ వంట మధ్యలో ఆమె ఏ పని ఆపి వచ్చిందో గుర్తుండదు. అది పక్కింటివాళ్లకే తెలుస్తుంది. గరాజు తలుపు ఎన్ని గంటలకు తెరుచుకునేదో, లైటు ఎప్పుడు ఆరేదో మీకు తెలిసినంతగా ఆ ఇంట్లోవాళ్లకు తెలియదు.

ఇక ముసాయిదా విషయం. మీకు కలిగిన అసంతృప్తి న్యాయమైనదే. పిల్లలను తప్పు పట్టకండి, మనమూ అంతే. మన పత్రికల్లో శ్రద్ధాంజలి ప్రకటనలు ఒక వారం వరుసగా చూడండి. ఫొటోలు మారతాయి, వాక్యం మారదు. ప్రతి తల్లీ అన్నపూర్ణే, ప్రతి తండ్రీ అజాతశత్రువే. ఎవరి పక్కన పెట్టినా సరిపోయే మాట ఎవరికీ చెందదు. త్యాగమూర్తి అనేది వాటన్నిటిలోకీ బరువైన బిరుదు. ఆ మాట ఒకసారి పడిందంటే ఆవిడ ఏం వదులుకుందో అన్నదే కథ అవుతుంది. ఏం చేసిందో, ఎంత బాగా చేసిందో, చేస్తున్నప్పుడు ఎంత సంతోషపడిందో అడిగేవారు ఉండరు. రాత్రంతా రోగుల మధ్య గడిపిన మనిషి పగలు పడుకోకుండా కాగితాలూ పుల్లలూ ముందేసుకుని కూర్చుందంటే, దాన్ని త్యాగం అని నేను అనుకోను. ఆవిడకు అది కావాలి. ఆ నిద్ర ఖరీదు పెట్టి ఆవిడ కొనుక్కున్నది అది. సేవ అన్న పేరు పెడితే ఎవరూ కాదనరు కాబట్టి, చాలామంది స్త్రీలు తమ కళకు ఆ పేరే పెట్టుకున్నారు. మీ నాలుగు పేజీల్లో ఆ ముసుగు కాస్త తొలగించండి.

ఎలా అంటే, పరోల్‌తో మొదలుపెట్టండి. ఆవిడ పుట్టిన సాన్ ఫెర్నాండోను ఫిలిప్పీన్స్ అంతటా లాంతర్ల ఊరుగా చెప్పుకుంటారు. క్రిస్మస్ ముందు తొమ్మిది రోజులు తెల్లవారకముందే జరిగే ప్రార్థనలకు వెళ్లేవాళ్లు చేత పట్టుకున్న దీపాల నుంచి ఈ నక్షత్రాల వాడుక పెరిగింది. మామూలు ఇంటి పరోల్‌కు పది వెదురు బద్దలు కావాలి. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొనల దగ్గర బిగిస్తారు. లోపలి మూలల్లో ఐదు పొట్టి పుల్లలు నిలబెడితే నడుమ ఉబ్బి, దీపం పట్టే చోటు వస్తుంది. పైన పల్చటి రంగు కాగితం, కింది రెండు కొనలకూ కుచ్చులు. ఇది పిల్లలు కూడా చేస్తారు. కానీ సాన్ ఫెర్నాండోలో ఏటా డిసెంబరులో పోటీకి పెట్టే లాంతర్లు ఇరవై అడుగుల ఎత్తుంటాయి, ఒక్కోదానికి వేల బల్బులు. ఆ బల్బులను సంగీతానికి తగ్గట్టు వెలిగించి ఆర్పే పద్ధతి తెలిస్తే ఆశ్చర్యపోతారు. గుండ్రటి ఇనప డ్రమ్ముల మీద అక్కడక్కడ టేపు అంటిస్తారు. వరుసగా అమర్చిన జడపిన్నులు ఆ డ్రమ్మును తాకుతూ ఉంటాయి, ఒక్కో పిన్నుకు ఒక్కో తీగ. డ్రమ్మును చేత్తో తిప్పుతుంటే ఇనుము తగిలిన చోట బల్బు వెలుగుతుంది, టేపు తగిలిన చోట ఆరుతుంది. ఏ రంగు ఎప్పుడు రావాలో ముందే ఆ టేపులో రాసి పెట్టి ఉంటుందన్నమాట. మీ ఊళ్లో సగం మంది సాఫ్ట్‌వేర్ పేరుతో ఇలాంటి పనికే జీతం తీసుకుంటున్నారు, కాకపోతే వాళ్ల ముందు తెర ఉంటుంది.

ఇదంతా చూస్తూ పెరిగిన పిల్ల టీటా. కాలిఫోర్నియా గరాజులో ఆవిడకు ఊరి వెదురు దొరకదు. ఏం వాడారు? తోటలో టమాటా మొక్కలకు ఊతంగా పెట్టే వెదురు పుల్లలా? కర్రల దుకాణంలో కొన్న గుండ్రటి కడ్డీలా? కాగితం ఎక్కడిది, లేక ప్లాస్టిక్ పొరా? గాలివానకు తడిసే చోట ఏ జిగురు పెట్టారు? ఎన్నేళ్ల నాటి నక్షత్రం ఇంకా ఎవరి వాకిట్లో వేలాడుతోంది? ఇవన్నీ కనుక్కుని రాస్తే, 'ఆమె ఎంతో సృజనాత్మకత గల వ్యక్తి' అన్న వాక్యం మీకు అక్కరే ఉండదు.

మీకు ఒక మాదిరి కావాలంటే చిత్రకారిణి పసీతా అబాద్ ప్రదర్శనలలోని చీటీలు చూడండి. ఆమె 1946లో ఫిలిప్పీన్స్ ఉత్తరపు కొసన ఉన్న బతానెస్ దీవుల్లో పుట్టింది, 1970లో సాన్ ఫ్రాన్సిస్కో చేరి, తొలిరోజుల్లో కుట్టుపని కూడా చేసి బతికింది. టీటా లాంటి నేపథ్యం కాదు, రాజకీయ కుటుంబం నుంచి వచ్చిన మనిషి. తరవాత ప్రపంచం చుట్టి, బొమ్మ వేసిన గుడ్డ వెనక దూది కూరి, పైన కుట్టి, అద్దాలూ గవ్వలూ గుండీలూ అతికే ఒక పద్ధతిని తన సొంతం చేసుకుంది. 2004లో చనిపోయింది. కుట్టుపని అనీ, అలంకారం అనీ పక్కన పెట్టిన ఆ పనిని 2023లో మినియాపొలిస్‌లోని వాకర్ కళాకేంద్రం పెద్ద ప్రదర్శనగా పెట్టింది, ఆ వెంటనే సాన్ ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియంకు వచ్చింది. మీరు చూసే ఉండవచ్చు. మ్యూజియంవాళ్లు బొమ్మ పక్కన చీటీలో 'ఎంతో భక్తితో చేసింది' అని రాయరు. రంగు, నూలు దారం, ప్లాస్టిక్ గుండీలు, అద్దాలు, కుట్టి దూది కూరిన గుడ్డ, సంవత్సరం. అంతే. ఆ పొడి జాబితా చదివేసరికి చేసిన మనిషి చేతులు కళ్లకు కడతాయి. టీటా చేసిన ప్రతి వస్తువుకూ అలాంటి చీటీ రాయండి: ఏమిటి, దేనితో, ఎప్పుడు, ఎవరి కోసం, ఇప్పుడు ఎక్కడుంది. పుస్తకంలో ఫొటోల కింద 'మధుర జ్ఞాపకాలు' అని వేయబోతుంటే ఆపి, ఆ చీటీలు వేయించండి. కుట్టిన బట్టలకు లోపలి వైపు కూడా ఫొటో తీయండి. పని తెలిసినవాళ్లు ముందు అటే చూస్తారు.

నాట్యాల సంగతి కొంచెం వేరు. చప్పుడు చేసే రెండు వెదురు బొంగుల మధ్య కాలు చిక్కకుండా ఎగిరే టినిక్లింగ్ మీరు చర్చి హాలులో చూసే ఉంటారు. ఇలాంటి పల్లె నాట్యాలు అమెరికాలోని హాళ్లదాకా రావడం వెనక ఫ్రాన్సిస్కా రేయెస్ అక్వినో అనే ఒక ఉపాధ్యాయురాలి శ్రమ ఉంది. 1920లలో ఊరూరా తిరిగి, అడుగులూ పాటలూ రాసుకుని, వాటిని బడి వ్యాయామ పాఠాల్లో చేర్పించింది. 1973లో ఆ దేశం ఆమెకు జాతీయ కళాకారిణి గౌరవం ఇచ్చింది. టీటా వయసువాళ్లు చాలామంది వీటిని బడిలోనే నేర్చుకున్నారు. కాబట్టి 'మాతృభూమి సంస్కృతిని గుండెల్లో పెట్టుకుని వచ్చింది' అని రాసే ముందు, ఆవిడకు నేర్పిన టీచరు ఎవరో సాన్ ఫెర్నాండోలో ఉన్న బంధువులను అడగండి. దుస్తుల్లో టెర్నో అనే వాళ్ల సంప్రదాయ గౌను చేతుల గురించి తప్పక రాయండి. భుజం దగ్గర సీతాకోక రెక్కలా పైకి లేచి, పడిపోకుండా నిలబడే ఆ చేతిని కుట్టడం తేలిక కాదు. కుచ్చు లెక్క తప్పినా, లోపల బిగువైన గుడ్డ వేయకపోయినా వాడిపోయినట్టు వేలాడుతుంది. వంకర కుట్టు విప్పించేవారని మీరు ఫిర్యాదుగా రాశారో, మెచ్చుకోలుగా రాశారో తెలియలేదు గానీ, ఆ చేతులు ఎందుకు నిలబడ్డాయో అందులోనే ఉంది.

ఆవిడ అమెరికా రావడాన్ని కూడా కేవలం కుటుంబం కోసం చేసిన సాహసంగా చెప్పి వదిలేయకండి. ఒక్క పేరా చాలు, కానీ ఉండాలి. అమెరికా 1898 నుంచి 1946 దాకా ఫిలిప్పీన్స్‌ను పాలించింది. ఆ కాలంలోనే అక్కడ ఇంగ్లీషులో, అమెరికా పద్ధతిలో నర్సింగ్ బడులు పెట్టింది. 1948 నుంచి శిక్షణ పేరుతో నర్సులను రెండేసి ఏళ్లు రప్పించుకుంది. 1965 వలస చట్టం వచ్చాక స్థిరపడే దారి తెరుచుకుంది. అటువైపు టీటా బయల్దేరిన 1974 నాటికి అక్కడి అధ్యక్షుడు మార్కోస్ సైనిక శాసనం పెట్టి రెండేళ్లు కావస్తోంది, ఆ ఏడాదే తెచ్చిన కార్మిక చట్టంతో మనుషులను విదేశీ పనులకు పంపడం ప్రభుత్వ విధానంగా మారింది. ఇక్కడి ఆసుపత్రులకు నర్సులు కావాలి, అక్కడి ప్రభుత్వానికి డాలర్లు కావాలి. ఒక యువతి తెలివీ ధైర్యమూ ఈ రెండు అవసరాల మధ్య దారి వెతుక్కున్నాయి. ఇలా రాస్తే ఆవిడ చిన్నబోదు, పైగా ఎంత ఒడుపుగా నెగ్గుకొచ్చిందో తెలుస్తుంది.

ఆ పేరాలో మీరు కూడా ఉన్నారు, అది గమనించారా? 1934 తరవాత ఏడాదికి యాభై మంది ఫిలిప్పీన్స్‌వాళ్లను మించి అమెరికా రానివ్వలేదు. 1946 జులై 2న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన చట్టం వాళ్లకూ, భారతీయులకూ కలిపి ఒకేసారి పౌరసత్వపు హక్కు ఇచ్చింది, ఏడాదికి చెరో వందమందికి ప్రవేశం ఇచ్చింది. ల్యూస్–సెల్లర్ చట్టం అంటారు. 1965 చట్టం కూడా అంతే, తెలుగు డాక్టర్లూ ఫిలిప్పీన్స్ నర్సులూ ఒకే ఆసుపత్రి నడవల్లో ఎదురుపడటానికి అదే కారణం. 'నేనెవరిని రాయడానికి' అన్నారు కదా, ఇరుగుపొరుగు కాకముందే మీ రెండు దేశాలవాళ్లూ ఒకే వరుసలో నిలబడ్డారు. ఇది మీ ధైర్యం కోసం చెబుతున్నాను, పుస్తకంలో ఒక వాక్యం మించి పెట్టకండి. చదివేవాళ్లు చట్టాల కోసం రారు.

పినతూబో మాత్రం వివరంగా రాయండి. ఇప్పుడు ఆ పుస్తకం చదివే మనవళ్లకు అది పేరుగా కూడా తెలియదు. 1991 జూన్ 15న అది పేలింది, ఇరవయ్యో శతాబ్దంలో రెండో పెద్ద విస్ఫోటనం. అదే రోజు తుపాను వచ్చి పడింది. బూడిద తడిసి బరువెక్కి, పైకప్పులు కూలి ఎక్కువ మంది చనిపోయారు. అక్కడితో అయిపోలేదు. ఆ తరవాత ఏళ్ల తరబడి వానాకాలం వస్తే చాలు, కొండ మీది బూడిద బురదై ఊళ్ల మీదకు దిగేది. సాన్ ఫెర్నాండో పక్కనే ఉన్న బకొలోర్ 1995లో ఆ బురదలో కూరుకుపోయింది. అక్కడి పాత చర్చి సగానికి పూడిపోయి, ఒకప్పటి కిటికీలే ఇప్పుడు గుమ్మాలయ్యాయి. టీటా పెట్టెలు పంపింది ఇలాంటి చోటికి. ఒక వేసవికే పంపారా, బురద వచ్చిన ప్రతి ఏడూ పంపారా? విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటికి పంపే ఇలాంటి పెట్టెలను బలిక్‌బయన్ పెట్టెలు అంటారు. ఓడలో వెళ్లేవాటికి బరువు లెక్క కాదు, పెట్టె లెక్క. కాబట్టి ఖాళీ లేకుండా సర్దడం కూడా ఒక విద్య. తువాళ్ల మధ్య సబ్బులు, బూట్ల లోపల చాక్లెట్లు. ఆ సర్దుడు ఎవరు నేర్పారు, గరాజుకు ఎవరెవరు వచ్చి సాయం చేసేవారు, పెట్టె విప్పిన చోట ఏం జరిగింది? ఈ చివరి ప్రశ్న ఇక్కడివాళ్లకు తెలియదు. సాన్ ఫెర్నాండోకు ఫోను చేసి అడగాలి. పంపినవాళ్ల కథలే తప్ప అందుకున్నవాళ్ల కథలు మనకు దొరకడం లేదు. మీ పుస్తకం ఆ లోటు కాస్త తీర్చగలదు. అందుకున్నవాళ్లు ఒకవేళ 'ఆ బూట్లు మాకు సరిపోలేదు' అంటే అదీ రాయండి, నవ్వుకుంటారు.

జనాన్ని అడిగేటప్పుడు 'టీటా ఎలాంటివారు' అని అడగకండి. 'చాలా మంచివారు' అంటారు, సంభాషణ ముగిసిపోతుంది. 'మీకోసం ఏం చేసి పెట్టారు, అది ఇప్పుడు ఎక్కడుంది' అనండి. లోపలి గదిలోకి వెళ్లి తెచ్చి చూపిస్తారు. తెస్తూ తెస్తూ మాట్లాడతారు. ఆ మాటలు ఫోనులో రికార్డు చేసుకోండి, అడిగి చేసుకోండి. ఆవిడతో పడనివాళ్లు ఒకరిద్దరు ఉండే ఉంటారు. సంఘానికి అంత పని చేసిన మనిషికి చర్చి కమిటీలో ఒక్కరైనా శత్రువు లేరంటే నేను నమ్మను. వాళ్లనూ అడగండి. తగవు సాధారణంగా ఆవిడకు దేని మీద పట్టుదలో చెబుతుంది.

మీ నాలుగు పేజీలు మాత్రం మీవే కావాలి. ఆ కోడి పులుసు గురించి రాయండి. అది టినోలా. కోడి మాంసం, అల్లం, పచ్చి బొప్పాయి, చివర్లో మునగాకు. బాలింతకు పాలు పడతాయని అక్కడ పెడతారు, మునగాకు మీద ఆ నమ్మకం మన పల్లెల్లోనూ ఉంది. మీ అమ్మగారు వచ్చినా బహుశా అదే ఆకు వెతికేవారు. ఆ ఆకు మిల్పిటాస్‌లో టీటాకు ఎక్కడ దొరికేది? కుండీలో పెంచి, చలికాలం లోపలికి తెచ్చేవారా, గడ్డకట్టిన ఆకు కొనేవారా? నిలబడి మీరు తాగేదాకా చూసేవారన్నారు. నర్సు చూపా, తల్లి చూపా? నాకైతే మందు మింగించే నర్సే కనిపిస్తోంది. మీరే తేల్చండి. వండే పద్ధతి కొలతలతో సహా వేయండి. కొలతలు ఆవిడ చెప్పి ఉండరు, మీరు వండి చూసి రాయాలి. ఆవిడ మీ పాపకు కూడా ఏదో ఒకటి కుట్టే ఉంటారని నా అనుమానం. అంత కుట్టిన మనిషి పక్కింటి పిల్లను వదిలిపెట్టరు. పరికిణీ అయితే, జాకెట్టు చేతులు ఎలా పెట్టారో చూడండి. భుజం దగ్గర పైకి లేచి ఉంటే మీ దగ్గర పుస్తకంలోకెల్లా మంచి ఫొటో ఉన్నట్టే.

ఇక పెద్దమ్మాయి. ఆ పిన్నుల డబ్బా మాట మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది. దాన్ని దాచమని చెప్పను. కానీ అది మీరు రాయవలసింది కాదు. మీతో విడిగా చెప్పిన మాట అచ్చులో మీ పేరు కింద కనబడితే ఆమెకు తల్లి మీద ఉన్న కోపానికి మీ మీద కోపం తోడవుతుంది. వెళ్లి సూటిగా చెప్పండి: 'నువ్వు అన్నది నువ్వే రాయి. ఒక పేజీ చాలు.' రాయనంటే బలవంతం చేయకండి. రాస్తే తమ్ముళ్లూ చెల్లెళ్లూ 'అమ్మ గురించి ఇప్పుడా ఈ మాటలు' అంటారు. అప్పుడు మీరు బయటి మనిషి కావడం పనికొస్తుంది, ఆమె పక్కన నిలబడండి.

ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. ఊరందరికీ కుట్టే అమ్మ ఉంటే, ఆ ఇంట్లో ఎవరో ఒకరు అన్నం వండుకోవాలి, చిన్నవాళ్లకు జడలు వేయాలి, అమ్మ పడుకున్న రెండు గంటలు అల్లరి చేయకుండా చూడాలి. అది పెద్దకూతురి మీద పడుతుంది. ఫిలిప్పీన్స్ ఇళ్లలో పెద్దకూతురిని 'ఆతె' అని గౌరవంగా పిలుస్తారు, ఆ గౌరవంతో పాటు చాకిరీ కూడా వస్తుంది. మన ఇళ్లలో అక్కలను అడిగితే వాళ్లూ చెబుతారు. టీటా సంఘానికి ఇచ్చిన సమయంలో కొంత ఆమె సొంతం, కొంత పిల్లలది. రెండోది ఇచ్చినవాళ్ల పేరు ఏ అభినందన పత్రంలోనూ ఉండదు. పెద్దమ్మాయి ఆ పేజీ రాస్తే తల్లి మంచితనం తగ్గదు. ఆ దుస్తులకు ఎన్ని చేతులు పడ్డాయో లెక్క సరిపోతుంది. ఒక చిన్న సూచన: ఆ పేజీని కోపంతో ముగించమనీ, క్షమాపణతో ముగించమనీ ఆమెకు చెప్పకండి. పిన్నులు ఎలా అందించేదో, అమ్మ ఏమని కసిరేదో, తను ఆ గరాజులో ఏం నేర్చుకుందో, ఏం నేర్చుకోకూడదనుకుందో, ఎక్కడ ఆగితే అక్కడ ఆగనివ్వండి.

మీ ఉత్తరంలో లేదు గానీ అడుగుతున్నాను: టీటా పని చేసుకుంటూ పాటలు పాడేవారా? పాడేవారైతే అవి కపంపాంగన్ భాషలో ఉండి ఉంటాయి, అది ఆ ప్రాంతపు భాష, ఫిలిప్పీన్స్‌లో ఎక్కువగా వినిపించే తగలోగ్ వేరు. ఆ మాటలు తెలిసిన పెద్దవాళ్ల చేత అదే భాషలో రాయించి వేయండి. ఇంగ్లీషు అనువాదం కింద వేస్తారో లేదో పిల్లల ఇష్టం.

పుస్తకం అయ్యాక రెండు కాపీలు పక్కన పెట్టమనండి. ఒకటి మీ ఊరి గ్రంథాలయానికి. రెండోది ఫిలిపినో అమెరికన్ జాతీయ చరిత్ర సంఘానికి. డొరొతీ కొర్డోవా, ఆమె భర్త ఫ్రెడ్ కొర్డోవా 1982లో సియాటిల్‌లో ఆ సంఘాన్ని మొదలుపెట్టారు. నాయకుల ఉపన్యాసాల కోసం కాకుండా పొలాల్లో, చేపల కర్మాగారాల్లో, ఆసుపత్రుల్లో పని చేసిన మామూలు మనుషుల మాటలు, ఫొటోలు పోగు చేయడం కోసం. వాళ్ల మ్యూజియం స్టాక్టన్‌లో ఉంది, మీకు కారులో వెళ్లదగ్గ దూరమే. పిల్లలు 'మా అమ్మ చరిత్రలో ఎక్కేంత మనిషి కాదు' అంటే, సరిగ్గా అలాంటివాళ్ల కోసమే ఆ అలమరాలు పెట్టారని చెప్పండి.

ముద్రణకు ఇచ్చే ముందు ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు సాన్ ఫెర్నాండోలో ఉన్న పెద్దవాళ్లతో ఒకసారి సరిచూపించండి. స్పానిష్ స్పెల్లింగులు ఇక్కడ పుట్టిన పిల్లలకు కూడా తప్పిపోతుంటాయి. కాగితం కాస్త దళసరిది తీసుకోమనండి, టినోలా పేజీ వంటింట్లో తడి చేతుల్లో పడుతుంది.